ఏడుకి అడ్డగీత

లె లోక్ ఊళ్లో మంచు పట్టుకుంటే
మధ్యాహ్నం మూడింటికే దీపం వేసుకోవాలి.
దీపం కింద, కాళ్లు ఎత్తు చేయించిన పాత బల్ల మీద
ఆ గడియారం వెల్లకిలా పడుకుని ఉంది.

తెచ్చినవాడు అమీల్కార్, తాపీమేస్త్రీ, పోర్చుగల్ మనిషి.
టోపీ మీది మంచు నా గుమ్మంలోనే దులిపి
"ఇదెప్పుడు పుట్టిందో చెప్పండి" అన్నాడు,
"ఎంతకి పోతుందో అక్కర్లేదు."

పై వాటా ముసలాయన రాసిచ్చి పోయాడట.
ఆరేళ్లూ మెట్ల మీద బోంజూర్ తప్ప మాట లేదు,
ఒకసారి కిటికీ బిగుసుకుపోతే
ఉలితో తీసిపెట్టాడు, అంతే.

వెనక మూత తిప్పాను. ఒప్పుకోలేదు.
రెండోసారి మూలుగుతూ ఒప్పుకుంది.

యంత్రం మీది సంఖ్య నలభై తొమ్మిది అంటుంది.
అది యంత్రం పుట్టుక, గడియారానిది కాదు;
ఫ్యాక్టరీ అరల్లో అవి కాగితం కప్పుకుని
ఏళ్లకేళ్లు నిద్రపోయేవి.
పెట్టె చేసిన కంపెనీని అడుగుదామంటే
దాని చిట్టాలు నేలమాళిగలో నీళ్లొచ్చి
ముద్దయిపోయాయి, రొట్టెపిండిలా.
నిమిషాల ముల్లు ఎవరిదో. గీత దాటి పోతోంది.
తోలుపట్టీ నిన్నగాక మొన్నటిది,
దాన్ని సాక్ష్యం అడగను.

మూత లోపలి వైపు సూదిగీతలు,
బాగుచేసిన ఒక్కొక్కడూ వదిలిన తేదీ.
భూతద్దం కంటికి బిగించి చదివాను.
అన్నిటికన్నా పాతది: అయిదు, పక్కన ఒకటో, ఏడో.
మా వైపు ఒకటికీ ముక్కుంటుంది,
అందుకే ఏడు నడుముకి అడ్డగీత పెట్టమని
బళ్లో వేళ్ల మీద కొట్టి నేర్పుతారు.
ఇక్కడున్నది అడ్డగీతా,
ఎవరి చెయ్యో జారిన గీరుడా?

ఒకటైతే కుదరదు.
రెండేళ్ల పసిదానికి అప్పుడే జబ్బేమిటి?
ఏడే అయితే, నూనె ఎండడానికి నాలుగైదేళ్లు,
వెనక్కి లెక్కపెట్టు: యాభై రెండు, యాభై మూడు.

అంకెల మీద పాత పూత, కాఫీ మరకలా.
రేడియం కొలిచే డబ్బా దగ్గర పెడితే
శనగలు వేగినట్టు చిటపటలాడింది.
అరవైల్లో ఆపేశారు ఆ పూత.
అంతకుముందు వీధికి నలుగురు ఆడవాళ్లు
ఇళ్లల్లో పూసేవాళ్లు, డజనుకింత అని.

మా అమ్మ బ్లాండీన్ ఈ బల్ల మీదే పూసేది,
సూప్ గిన్నె పక్కకి జరిపి.
నేను కింద కూర్చునేదాన్ని, ఆ వయసు.
దీపం ఆర్పాక ఆమె ఆప్రాన్ జేబు వెలిగేది,
గోళ్లు వెలిగేవి,
పది మిణుగురులు నా దుప్పటి సర్దేవి.
ఎనిమిదితో మొదలెట్టి చుట్టూ తిరిగి
ఏడు దగ్గర ఆపేది.
కుంచెలో మిగిలింది పారెయ్యడానికి చెయ్యి రాక
ఏడు కాలికే పూసేసేది, కొంచెం లావుగా.

ఈ గడియారంలో ఏడు కాలు లావుగా ఉంది.

ఉంటే ఉంది.
కుంచెలో ఎవరికైనా కొంత మిగులుతుంది.
యాభై ఎనిమిది మార్చిలో అమ్మ కాలం చేసింది,
దవడ నొప్పితో మొదలై.
దీన్ని ఏ లెక్కలో వెయ్యను?

"యాభై మూడు, సుమారుగా" అన్నాను.
అమీల్కార్ నవ్వాడు:
"నా పుట్టినరోజూ మా అమ్మ అలాగే చెప్పేది,
ద్రాక్ష కోత అయ్యాక,
ఆలివ్‌లు ఇంకా రాలకముందు."
రసీదు మీద సుమారుగా అన్న మాటని
సిమెంటు ఎండిన బొటనవేలితో మూసి చూశాడు.
వేలు తీసి మళ్లీ చూశాడు.
"ఉండనివ్వండి" అన్నాడు.

మూత బిగించేముందు నా తేదీ కూడా గీశాను,
ఏడుకి అడ్డగీత నొక్కి మరీ.

అతను వెళ్లి, మెట్ల మీద చప్పుడు ఆగి,
తలుపు గడియ పెట్టాక తెలిసింది
డబ్బా ఆపడం మర్చిపోయానని.
గడియారం లేదు.
అయినా అది ఒకటీ అరా అంటూనే ఉంది,
ఉత్త చెక్క మీద.