తొంభై రోజుల్లోగా

టొలీడో, ఒహాయో.
మేకులూ చెక్కలూ రంగుడబ్బాలూ అమ్మే పెద్ద కొట్టు.
వాపసుల కౌంటర్లో నేను.
ఏప్రన్ మీది బిళ్ళలో 'వై' అని మాత్రం ఉంటుంది,
వైదేహి పలకడం వాళ్ళకి కష్టమని.

ఆ మంగళవారం తెల్లారి
మధ్యాహ్నానికే జెండాల అర ఖాళీ.
గురువారానికి కర్రలూ లేవు.
శుక్రవారం ఒకాయన పొడవాటి చీపురు పట్టుకొచ్చి
దీని పిడి ఒక్కటీ అమ్ముతావా అన్నాడు.
కళ్ళు వాచి ఉన్నాయి.
రంపంతో కోసి ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు.
ఆయన్ని ఇప్పటికీ శంకించను.

సాయంత్రం కొత్త సరుకు దిగింది.
మేనేజర్ స్టాడ్లర్ ముక్కు చీదుకుంటూ
ఒక్కో జెండా మీద రెండు డాలర్లు పెంచాడు.
రెండూ నిజమే అనుకుంటాను,
ఆ ఏడుపూ, ఆ రెండు డాలర్లూ.

మేమూ కొన్నాం.
నలుగురితో పాటు నారాయణా.
పక్కింటివాళ్ళ కారుకి ఒకటుంది.
మా కారుకి ఎడమవైపొకటి, కుడివైపొకటి.
మా ఆయన గడ్డం గీసుకుని
అద్దంలో తనని తనే కొత్తవాడిలా చూసుకుని
ఇంకోటి దొరుకుతుందా, వెనకద్దానికి, అన్నాడు.

కొట్టు తలుపులు తీసేముందు రోజూ
అందరం వరసగా నిలబడి
గుండె మీద చెయ్యేసుకునేవాళ్ళం.
మా భాషలో గుండె మీద చెయ్యేసుకుంటే
ఇక నిజమే చెప్పాలి.
ఇక్కడ అది జెండాకి వందనం.
నా అరచేతి కింద కొట్టుకుంటున్నదాన్ని
ఏ పేరుతో పిలవాలో
ఆ వరసలో ఎవర్ని అడగను?

నాలుగో కౌంటర్ లొరెయిన్ చొక్కాకి
జెండా పిన్ను లేదు.
సలహాల పెట్టెలో చీటీ పడింది,
ఆవిడకి దేశం అక్కర్లేదా అని.
ఆ బుధవారం ఐదు గంటలు
రక్తమివ్వడానికి వరసలో నిలబడి వచ్చిందావిడ.
తీసుకోలేదట.
ఎక్కించుకోవడానికి ఎవరూ మిగల్లేదన్నారట.
ఆ మాట నాకొక్కదానికే చెప్పింది,
చిల్లర లెక్కపెడుతూ, తల ఎత్తకుండా.

డిసెంబరు వచ్చింది.
పండగ దీపాల తీగలకి
వరండా స్తంభాలు కావలసొచ్చాయి.
మొదట వచ్చినావిడ
జెండాని కౌంటర్ మీద పరిచి
ఇస్త్రీ చేసినట్టు చేత్తో సరిచేసింది.
హైవే గాలికి అంచు పీలికలైంది.
రసీదు మాత్రం మడత నలగలేదు.

తెర నన్ను కారణం అడుగుతుంది:
లోపం. సైజు చాల్లేదు. మనసు మారింది. ఇతరాలు.
ఏదోటి నొక్కమ్మా, అందావిడ నవ్వుతూ,
కారు ఇంజను ఆపకుండా వచ్చాను.

పన్నెండు డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లు.
ఆ వారంలో పదిహేడు వచ్చాయి.
మూడు అసలు సంచి కూడా విప్పనివి.

చిరిగిన సరుకు చెత్తలోకే పోవాలని నియమం.
భోజనం వేళ లొరెయిన్ వచ్చి
ఆ చెత్తలోంచి ఒకటి తీసి దులిపి
మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.
నేను స్టేప్లర్ వెతుకుతున్నట్టు వంగాను.
ప్రేమేమో. పొదుపేమో.
వాళ్ళబ్బాయి గది కిటికీకి
పరదా లేదని ఎప్పుడో అంది.
అడగలేదు.
అడిగే మొహమా నాది!

ఇవాళ కారు అరలో టైరు కాగితాల కోసం వెతుకుతుంటే
మా రసీదు చేతికి తగిలింది.
శుక్రవారం నాటిది. స్టాడ్లర్ పెంచిన ధర.
ఎనభై ఎనిమిదో రోజు.
బయట రెండు జెండాలూ
రంగు ఏదో గీత ఏదో తెలియకుండా
మంచుకి గట్టిపడి ఉన్నాయి.
పక్కింటివాళ్ళు తీశాక తీద్దాం, అన్నాడు మా ఆయన.
పక్కింటివాళ్ళు మా కారు వంకే చూస్తున్నారు,
వాళ్ళూ అదే అనుకుంటున్నారో ఏమో.

తెర మీది కారణాలన్నీ
మనసులో మళ్ళీ పైనుంచి కిందికి చదివాను.
భయం అనే మీట లేదు.
రసీదుని టైరు కాగితాల కిందకి తోసి
అర మూశాను.
ఇంకా రెండు రోజులుంది.