తొమ్మిదో రోజు గడి

పోయినేడు నల్లబల్ల మీద రాశాను:
ఉద్దేశం. పద్ధతి. ఫలితం. చర్చ.
నలభై ఇద్దరూ పొందిగ్గా ఎక్కించుకున్నారు,
పరీక్షలో పొందిగ్గా దింపేశారు.
ఒక్క వాక్యమూ ఎవరి అక్కరకీ రాలేదు.

ఈ ఏడు సుద్దముక్క పక్కన పెట్టి
ఉగాలీ వండే గిన్నె మూతకి
పావు నలుపు, పావు తెలుపు రంగేసి,
కింద రాయి, పైన తాడు కట్టి
హోమా బే రేవుకి తీసుకెళ్లాను.
"నీళ్లలోకి వదలండి.
కంటికి ఆననిచోట తాడు పట్టుకోండి.
ఎంత లోతో రాయండి.
రోజూ. ఇరవై రోజులు."

పడవ అకేయో వాళ్లది.
తెడ్డు పట్టింది వాళ్లన్న ఓన్యూకా,
ఈలలు వేస్తూ, మా లెక్కలకి నవ్వుతూ.

మొదటి చిత్తుప్రతి ఓపొండోది:
"మా సరస్సు నీళ్లు చాలా మురికి."
చాలా అంటే?
చేతులు బార్లా చాపాడు.
ఆ చేతుల్ని కాగితం మీద పెట్టమన్నాను.
తల గోక్కుంటూ వెళ్లి, నిలువునా తడిసొచ్చి
"నలభై ఒక్క సెంటీమీటర్లు" అన్నాడు,
ఆ మాట తనే పుట్టించినట్టు.

అకేయో రాసింది: "పాపిష్టి గుర్రపుడెక్క."
దాని పాపం మనం కొలవలేదుగా, కొట్టెయ్ అన్నాను.
"మా వలలు చుట్టుకుంటే తెలుస్తుంది మీకు!"
ఎన్ని వలలు? ఏ నెలలో?
నా వైపు చూసిన చూపుకి
ఏ కొలబద్దా చాలదు.
మర్నాడు పట్టిక తెచ్చింది, పదకొండు వలలు.

తీరా చూస్తే
గుర్రపుడెక్క పక్కనే నీళ్లు తేటగా తేలాయి.
తరగతంతా గొల్లుమంది.
మసిపూసి మారేడుకాయ చేద్దామా అంటే
ఎవరూ పలకలేదు.
"మేం అనుకున్నది తప్పు" అనే నాలుగు మాటలు రాయడానికి
రెండు పీరియడ్లు పట్టింది.

ఇక ఆ తొమ్మిదో రోజు.
పట్టికలో ఒక గడి ఖాళీ.
అజ్వాంగ్ మెల్లిగా అంది:
"ఎనిమిదిన నలభై నాలుగు, పదిన నలభై ఆరు.
నలభై అయిదు వేసేద్దాం సార్.
కాకి లెక్కయినా గడి నిండుతుంది."
అకేయో పెన్ను లాక్కుంది.
"తొమ్మిదో రోజు కొలత తీసుకోలేదు.
పడవ వేరే పని మీద ఉంది."

ఏ పని అని అడగడం నా ఉద్యోగం.
ఎర్ర పెన్ను మూత తీశాను.
రేవంతా ఆ రోజు నీళ్లలోకే చూసింది,
మధ్యాహ్నం దాకా, మూత కోసం కాదు.
పెన్ను మూత పెట్టేశాను.

నివేదిక పద్నాలుగు పేజీలు.
చివర, ఓపొండో గుండ్రటి దస్తూరీలో:
"కృతజ్ఞతలు.
గిన్నె మూత ఇచ్చిన బడి వంటామెకి.
ఒకటో రోజు నుంచి ఎనిమిదో రోజు వరకూ
తెడ్డు వేసిన ఓన్యూకాకి."