ఖల్లివెల్లి బెల్టు

మా దిక్కు బెల్టు అంటే సారా దుకాణమే యాదికొస్తది.
సల్మాబాద్‌ల మాత్రం ఆరేండ్లు
బెల్టు అంటే ఒక్కటే బెల్టు.
నేనే కుట్టిన.
కాలిపోయిన కాప్రిస్ కారు ఎనుక సీటు తోలు,
లోపల రెండు పొరల స్పాంజి,
లేతు మిషన్ హిలాల్‌ను అడుక్కుంటే ఇచ్చిన ఇత్తడి రేకు.
చాంపియన్ అని చెక్కుమంటే
జాగ సాలక ‘చాంపి’ కాడ ఆపిండు.
ఉర్దూవాళ్లు నెత్తికి నూనె మర్దనా అన్నరు,
మనోళ్లు ఎవణ్ణి చంపి, అన్నరు.

పైసలు టైపింగ్ సెంటర్ వర్కిచ్చన్‌వి.
స్క్రాప్ యార్డు ఎనుక ముప్పై పాత పరుపులు,
మీద లారీ టార్పాలిన్,
గంటకు బదులు గ్యాస్ సిలిండర్ మీద స్పానర్ దెబ్బ.
మొదటి శుక్రారం చూడొచ్చింది పదకొండు మంది,
అండ్ల ఇద్దరు తొవ్వ తప్పినోళ్లు.

ఎవడు గెల్వాల్నో బుధవారమే ఎరుక.
చాయ్ తాగుకుంట చెప్పుకునేటోళ్లం:
నువ్వు పడు, వాడు లేస్తడు, మెడ పైలం.
ఉత్తదే, అంత ఉత్తదే.
కానీ గుల్‌జమాన్ క్రేన్ దిగొచ్చి
టైల్స్ మేస్త్రి ఎడ్ల రాజలింగాన్ని
బుజం మీదికి ఎత్తితే
ఆ తొంభై కిలోలు ఉత్తయి కావు.

నాలుగో ఏడు ఎండకాలం.
మూడు కంపెనీలల్ల నాలుగు నెల్ల జీతం లేదు.
వర్కిచ్చన్‌కు ఏం బుద్ధి పుట్టెనో
చాయ్ పోసే నిమల్‌కు టై కట్టి, చేతుల రిజిస్టర్ పెట్టి
‘ముదీర్’ అని పేరు పెట్టి దింపిండు.
ఈగను సుత జరుగమనేటోడు కాదు నిమల్.
రిజిస్టర్ తెరిచి, వచ్చీరాని అరబీల
బుక్రా, బుక్రా, అన్నడంతే.
రేపు రేపు అనే మాట
అక్కడ ఏ దేశపోనికైనా అర్థమైతది.
తొమ్మిది వందల మంది లేచి నిలబడ్డరు.

బుధవారం లెక్కల ముదీరే గెల్వాలె.
రాజలింగం కిందనే పండుకోవాలె,
నేను మూడు లెక్కపెట్టాలె.
ఒకటి అన్న.
రెండు అన్న.
మూడు నోట్లెకు రాలె.
మీద కూసున్న నిమలే వంగి
రాజలింగం చెవుల అన్నడు:
లెవ్వు. నన్ను గెలిపియ్యకు.

బెల్టు చేతుల మీదంగ ఆఖరి వరుస దాక పోయి
మళ్లొచ్చేసరికి తోలంత చెమట,
ఎండుచేప వాసన.
‘చాంపి’ పక్కన మిగిలిన అక్షరాలు
ఎవడో మేకుతోని గీకిండు.
వాసిన పెదవితోనే నిమల్ అందరికి చాయ్ పోసిండు.

అటెన్క దిగుడే.
వారం తిరగకముందే యార్డు గేటుకు తాళం.
వర్కిచ్చన్ బోర్డు దించుకున్నడు,
ఎందుకని మేం అడగలె.
సిత్రాల ఒక గోదాం, హమద్ టౌన్ దిక్కు ఒక గరాజు.
ఆఖరి ఆట క్యాంపు మిద్దె మీద:
నలుగురు చూసిండ్రు,
అండ్ల ఒకడు బట్టలు ఆరేసుకుంటుండె.
అప్పటికే కఫీల్ వీసా రాయక
రాజలింగం ఖల్లివెల్లి.
పోలీసు జీపు కనవడితే
చాంపియన్ కూరగాయల బండెనుక కూసునేటోడు.
ఆమ్నెస్టీల ఔట్‌పాస్ పట్టుకొని పోయిండు.

వాణ్ని ఎవ్వడు ఓడగొట్టలె.
లెక్క ప్రకారం ఇప్పటికి వాడే.
మొన్న ఫోన్ చేస్తే, మేడిపల్లిల టైల్స్ ఏస్తున్నడట.
నడుము పట్టేసిందన్నా, అన్నడు,
ఆ బెల్టన్న పంపియ్, కట్టుకుంట.
నవ్విన. ఏం చెప్పాలె?
పోయినేడు ఒక టాక్సాయన
సీటు కుంగింది, నడుము గుంజుతుందంటే
కవరు కింద దాన్నే పెట్టి కుట్టిన.
ఏర్‌పోర్ట్ రోడ్డు మీద తిరుగుతుంటడు,
నొప్పి తగ్గిందట.

రేకు నా కాడనే ఉంది,
సూదుల డబ్బ మీద మూత.