మధ్య గుమ్మం

వాల్పరైసో కొండమీద
నూట పన్నెండు మెట్లెక్కి
నిచ్చెన భుజం మార్చుకుని తలుపు తట్టాను.
"చచ్చిపోయింది మీ రౌటర్. కొత్తది తెచ్చావా, నోల్బెర్తో?"
అదే పలకరింపు. ఎదువీహిస్ అంతే.

చావలేదు.
చేపలతొట్టి వెనక, పాత ఇస్త్రీపెట్టె పక్కన,
లేసుగుడ్డ ముసుగేసుకుని
నీళ్ళు నములుతూ కూర్చుంది.
ఎనభై లీటర్ల నీళ్ళు, ఆరు బంగారుచేపలు.
వాటిని దాటుకుని ఏ మాట బయటికొస్తుంది?

గోడలకి చెవులుంటాయంటారు గానీ
ఈ ఇంటి గోడలకి పుట్టుచెవుడు.
బయట జింకు రేకు, దానిమీద ఓడలకేసే పసుపురంగు,
లోపల మట్టి, మట్టిలో గడ్డి,
ఇంటి నడిమధ్య మళ్ళీ నిలువెత్తు రేకు.
"ఈ మధ్యది దేనికి?"
"చలికి."
చలి నట్టింట్లోంచి పుడుతుందా అని అడగలేదు.
కంపెనీ నాకు గంటల లెక్కన ఇస్తుంది,
నోరు మూసుకున్నందుకు కూడా అందులోనే.

ఫోను చేత్తో పట్టుకుని
దీపం ఆరిపోతుందేమో అన్నట్టు గదిగదీ నడిచాను.
తొట్టి దగ్గర మైనస్ నలభై రెండు.
వంటింట్లో అరవై ఆరు.
అప్పులాంటి లెక్క ఇది,
అంకె పెరిగేకొద్దీ చేతిలో ఏమీ లేనట్టు.
రేకు అవతల చూడాలంటే
వీధిలోకి దిగి, సందు చుట్టి,
ఇంకో తలుపు తట్టాలి.

అక్కడ ఎర్మిందా. చెల్లెలు.
బిల్లులో సగం పైసలతో సహా లెక్కపెట్టి
మెట్లమీద బిస్కట్ డబ్బాలో పెట్టే మనిషి.
"చూడు బాబూ, పుంతా అరేనాస్‌లో ఒకాయనతో
రాత్రిళ్ళు చదరంగం ఆడతాను.
నిన్న గెలిచేదాన్నే.
గుర్రం గాల్లో ఉండగా చక్రం తిరగడం మొదలైంది,
నా గడియారం అయిపోయింది.
అది కావాలనే ఆ చేపల వెనక పెట్టింది."
మైనస్ ఎనభై తొమ్మిది.
చెవిటివాడి ముందు శంఖం
ఎంత గట్టిగా ఊదినా ఇంతే.

పొరుగిళ్ళు పద్నాలుగూ
ఆరో ఛానెల్లోనే అరుచుకుంటున్నాయి,
రేవులో చేపల వేలంపాట లాగ.
మాది పదకొండుకి మార్చాను.
కాస్త తెరిపి. అంతకుమించి లేదు.
ఇంటి మధ్యలో పెట్టాలి, ఎత్తుగా, ఏ అడ్డూ లేకుండా.
మధ్యలో ఉన్నది ఒకటే:
రేకు చివర, రంగుకింద రంగు పూసిన గుమ్మం.

తాళంచెవి చేపల మేత డబ్బా అడుగున దొరికింది.
ఎక్కడుందో ఎదువీహిస్ వెతుక్కోలేదు.
చాకుతో అంచు చుట్టూ రంగు కోశాను.
పెచ్చులు పెచ్చులుగా ఊడింది,
పసుపు, దానికింద నీలం, ఇంకా కింద
ఎవరో పిల్లలు గీసిన ఎత్తు గీతలు, రెండు పేర్లు.
తలుపు జానెడు కదిలింది.
అవతల ఎర్మిందా కుర్చీ లాక్కుని వచ్చి నిలబడింది,
నన్ను కాదు, నా భుజం మీదుగా చూస్తూ.

"ఆరే ఉన్నాయేం?"

"ఏడోది నిరుడు పోయింది."

"తోక చీలినదా?"

"ఊఁ."

నేను నిచ్చెనెక్కి గడపపైన మేకు కొట్టాను,
కేబుల్ ఆ సందులోంచి లాగాను.
ఇటు యాభై ఒకటి, అటు యాభై మూడు,
పైకే చదివి వినిపించాను.
ఎవరూ వినలేదు.

నిజం చెప్పాలంటే
కేబుల్‌కి వేలంత కన్నం చాలు.
డ్రిల్లు నా సంచిలోనే ఉంది,
చార్జింగ్ కూడా నిండుగా ఉంది.
తీగ అడ్డముంది కాబట్టి
తలుపు ఇక మూయకూడదని చెప్పి
మెట్లు దిగాను, వెనక్కి చూడకుండా,
దొంగలాగ.

నెల తిరిగాక ఫోను.
మధ్యాహ్నం ఒంటిగంటకి సరిగ్గా
సిగ్నల్ పడిపోతోందట.
"ఆ వేళకి మైక్రోవేవ్ ఎవరైనా..."
అంటూండగానే
"దానిదే!" అంది ఒక గొంతు,
"సూపు ఎవరికోసం వేడిచేశాను మరి!" అంది ఇంకోటి.
రెండూ ఒకే ఫోన్లోంచి.