చుట్టమొచ్చిన బండ

ఫతేనగర్‌ల పుఖ్‌రాజ్ సేటు గోదాం వెనక
వరుసగ నిలబెట్టిన గులాబి పలకల్లో ఒకదాన్ని
కొండాపూర్ నుంచి వచ్చినామె వద్దన్నది.
"మధ్యలో ఈ నల్లమచ్చ ఏంటి?
వంటగట్టు మీద ఏదో ఒలికి ఎండిపోయినట్టుంది."
చున్నీ కొసతోని తుడిచి కూడ చూసింది.

అరచెయ్యంత మచ్చ.
గంజినీళ్లల్ల పడ్డ సిరాచుక్క
వేళ్లు చాపి, మధ్యల మనసు మారి
ఆగిపోయినట్టు అంచులు.

మా నాయిన వల్లెపు మొగిలయ్య
ఖాజాగూడ గుట్టల మీద ముప్పై ఏండ్లు సమ్మెట కొట్టినోడు.
ఇసొంటి మచ్చను చుట్టం అనేటోడు.
"చుట్టమొచ్చింది, పైలం"
ఉలి ఆ నలుపు మీదికి పోంగనే.
అక్కడ రాయి గొంతు మారుతదంట,
గులాబి కంగుమంటది, నలుపు దబ్బుమంటది.
ఏ ఊరి చుట్టమో ఆయనకు తెల్వదు.
మర్యాద మాత్రం తెలుసు.

టవరు పునాదికి పేల్చిన బండనే ఇది,
అదే ఖాజాగూడది.
సేటును అడిగి మూలముక్క తెచ్చుకున్న.

హబ్సిగూడ లాబ్‌ల నా కొలువే అది:
రాతి బిళ్లను అద్దం మీద అతికించి
కార్బోరండం పొడి, నీళ్లు, రెండు వేళ్లు,
వెలుతురు దూరేదాక అరగదీసుడు.
పలుగురాయి గడ్డిపసుపు విడిచి
బూడిదరంగుకు తిరగంగనే చెయ్యి ఆపాలె.
ఒక్క రుద్దు ఎక్కువైతే
రెండువందల యాభై కోట్ల ఏండ్లు
తొట్టి మురికిల కొట్టుకపోతయి.
నాకు రెండుసార్లు పోయినయి. రిజిస్టర్ల రాయలే.

కన్ను ఆనించిన.
ఒక ఫెల్డ్‌స్పార్.
నడుమ అంత నింపాదిగ పెరిగిన పొరలు.
ఆవల ఒక కొరికిన గీత,
తడిచేతిల ఉప్పుగల్లు మూలలు పోగొట్టుకున్నట్టు.
గీత మీదికెల్లి మళ్ల కొత్త పొర, సున్నం ఎక్కువున్నది,
ఈ ఇంటి సరుకు కాదు.
కింది బల్ల తిప్పుతుంటె
ఉంగరాలు ఒకటెనక ఒకటి ఆరుతయి, వెలుగుతయి,
పోయిన కరెంటు గల్లీ గల్లీకి తిరిగొచ్చినట్టు.

పేపర్లు రాసేటందుకు పెద్దసార్లున్నరు.
నేను చదివింది ఇంతే:
కిందికెల్లి ఉడుకుడుకు నల్లద్రవం వచ్చింది.
ఇది కరగబోయింది.
సగంల ఆగింది.
వచ్చినదాని దగ్గర్నే తీసుకొని
మళ్ల పెరిగింది.

నలుపు దిక్కు జరిపి చూస్తె ఇంకో ముచ్చట.
అపటైట్ సూదులు, వెంట్రుక కన్న సన్నం,
లావయ్యే తీరిక దొరకనివి.
అంటే వేడిగ వచ్చినదానికే చలి పట్టింది.
ఆ సూదుల నడుమ
దారి తప్పిన గులాబి స్ఫటికం ఒకటి
చుట్టూ తెల్లటి అంచు కప్పుకొని కూసుంది.
దాని పక్కన పలుగురాయి గింజకు
హార్న్‌బ్లెండు పచ్చకాటుక.
ఎవరింట్ల ఎవరు చుట్టం?

నాయిన ఆఖరి ఎక్స్‌రే నా బీరువల ఉంది,
ఎర్రగడ్డ ఛాతి దవాఖానల తీసింది.
ఒక పొద్దు కిటికీకి పట్టి చూసిన
అలవాటు కొద్ది, కింద బల్ల తిప్పబోయిన.
ఊపిరి నిండ తెల్లగింజలు.
ఒక్కదానికి పొరల్లేవు.
ముప్పై ఏండ్లు లోపటున్నా
ఆ రాయి ఆయన దగ్గర ఏమీ తీసుకోలే.

మచ్చ పూర్తిగ కలిసిపోయి ఉంటె
ఒకటే బూడిదరంగు బండయ్యేది.
కొండాపూరామె కొనుక్కపోయేది.
దాని మీద ఉల్లిగడ్డలు కోసేది.
ఇక్కడ ఒకరు వచ్చిండ్రని
ఎవ్వరికీ తెలిసేది కాదు.

స్లైడు మీద నంబరు వేసి
దొరికిన చోటు దగ్గర ఖాజాగూడ అని రాసిన.
రాయి పేరు దగ్గర చుట్టం అని రాసి,
సార్లు అడుగుతరని కొట్టేసిన.
కొట్టివేత కింద
సున్నా కనబడుతనే ఉంది.