కొలత గ్లాసు

దెబ్రె బిర్హాన్‌లో పొద్దుటి గాలి ఎముకల్ని లెక్కపెడుతుంది.
బస్టాండు గోడవారన మా అమ్మ యెషిమెబెత్
వేయించిన బార్లీ గింజలు అమ్మేది.
కోలో అంటాం వాటిని.
అంచు సొట్టపోయిన రేకు గ్లాసుతో కొలిచి
కాగితం పొట్లంలో పోసి
పైన ఇంకో గుప్పెడు.
ఆ గుప్పెడు లెక్కలోకి రాదు.

ఎలా ఉన్నావని అడిగితే
మా ఊళ్లో బాగున్నానని అనరు,
"ఇగ్జియాబ్‌హేర్‌కి స్తోత్రం" అంటారు.
నేలకంతటికీ ఒడయుడని ఆ పేరుకి అర్థం.
కాళ్లు వాచినా అదే జవాబు,
గాడిద తప్పిపోయినా అదే.
డ్రైవర్లు కిటికీలోంచి అరటితొక్క విసిరినట్టు
అనేసి పోతారు.
అమ్మ మాత్రం ఆ పేరుకు ముందు
కాస్త ఆగేది.
వేడి గిన్నె ఉత్తచేతుల్తో దించం కదా, అలా.
నెతెలా అంచుకి చేతులు తుడుచుకుని
అప్పుడు పలికేది,
నాలుగు ముక్కలూ విడివిడిగా, ఒక్కటీ నలగకుండా.

రాత్రి ఇంట్లో వేరు.
మోకాళ్లకి వెన్న రాసుకుంటూ
"గెతాయే, నా దొరా, ఇవాళ నీకూ చలేసిందా" అని
పక్కమీద ఎవరో కూచున్నట్టు మాట్లాడేది.
చిన్నప్పుడు నేను నిజంగానే తిరిగి చూసేదాన్ని.

నాకు పంతొమ్మిదేళ్లు. పెద్ద ఉపవాసాలు.
మాంసం, పాలు ముట్టని ఆ యాభై అయిదు రోజులే
మా గింజలకి గిరాకీ.
అమ్మ నీళ్లకి వెళ్లింది.
ఒకాయన వచ్చాడు, ఒక కాలికే చెప్పు,
రెండో కాలికి గోనెగుడ్డ.
చెయ్యి చాపాడు, ఏమీ అడగలేదు.
నేను చిల్లర లెక్కపెడుతూ
తల ఎత్తకుండా అన్నాను,
అందరూ అనేదే,
"దేవుడు నీకిచ్చుగాక."

ఎంత మర్యాదైన మాట!
తిట్టు కాదు, పొమ్మనడమూ కాదు,
అయినా విన్నవాడు వెళ్లిపోతాడు.
ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు.
ఆయన తల వంచి "ఆమెన్" అన్నాడు.
దీవెన అందుకున్నవాడిలాగే అన్నాడు.

అమ్మ నా వెనకే ఉందని అప్పుడు తెలిసింది.
పసుపు నీళ్లడబ్బా కింద పెట్టింది.
కోప్పడుతుందనుకున్నాను.
గ్లాసు నింపింది, పైన గుప్పెడు వేసింది,
పొట్లం కట్టకుండా గ్లాసుతోనే
బస్సుల సందుల్లోంచి పరిగెత్తింది
ఆ వాచిన కాళ్లతో.

తిరిగొచ్చింది. గ్లాసు తేలేదు.
రెండు బేరాలు దోసిలితోనే కొలిచి పంపింది.
ఆ తర్వాత, నావైపు చూడకుండా,
"దొంగ ఒట్లు వేస్తేనే ఆ పేరు మైలపడుతుందనుకున్నా ఇన్నాళ్లూ.
తలుపు గడియగా కూడా వాడొచ్చన్నమాట" అంది.
బస్సొకటి కదిలి వెళ్లేదాకా ఆగి
"నేనూ వాడాను" అంది.

ఇప్పుడు ఆ గోడవారన నేను కూచుంటాను.
గ్లాసు కొత్తది, సొట్ట లేదు.
చర్చి ముందు బస్సు మలుపు తిరిగినప్పుడు
లోపలివాళ్లంతా కూచున్నచోటే తలలు వంచడం
ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది.
చెయ్యి చాపేవాళ్లు వస్తూనే ఉంటారు,
అందరికీ ఇస్తానని అబద్ధం చెప్పను.
ఇవ్వలేనప్పుడు "నా దగ్గర లేదయ్యా" అంటాను,
ఆ లేమి నాది, ఆయన మీద పెట్టను.
ఇవ్వగలిగినప్పుడు ముందు చెయ్యి కదులుతుంది,
కాస్త ఆగి, ఆ పేరు.
అలవాటు చెడ్డది, ఒక్కోసారి పేరే ముందు నోటిదాకా వస్తుంది.
వేగని గింజ పంటికింద పడ్డట్టు
అక్కడే ఆపి
వచ్చినవాడి కాళ్లకేసి చూస్తాను.

ఇవాళ ముగ్గుర్ని ఉత్తచేతుల్తో పంపాను.
మోకాళ్లు నాకూ మొదలయ్యాయి.
వెన్న గిన్నె దగ్గరికి లాక్కుని
చేతులు తుడుచుకుని
గెతాయే,
నీకూ చలేసిందా.