చీకట్లో సర్దిన సంచి

ఆస్లత్ దీపం వెయ్యకుండానే సర్దుతున్నాడు.
వెయ్యాల్సిన పని అతనికి లేదు, మూడేళ్లుగా.
నేనే తడుముకుంటూ స్విచ్చి దాకా వెళ్లి
ఎందుకో వెయ్యకుండా తిరిగొచ్చాను.

"నూలు బట్ట ఒక్కటీ వద్దు రిస్తిన్,
చెమట పట్టిందంటే అదే గడ్డకట్టి చంపుతుంది.
ఒంటికి ఉన్ని. దాని మీద ఉన్ని.
పైన గాలి దూరనిది."
ఇరవై రెండు చలికాలాలు
విమానం దిగిన ప్రతివాళ్లకీ ఇదే పాఠం చెప్పాడు,
బార్సిలోనా పెళ్లికొడుక్కీ, ఒసాకా పళ్ల డాక్టరుకీ,
జీన్సు ప్యాంటుతో వచ్చి ఏడ్చిన కుర్రాడికీ.
నాకు చెప్పడం ఇదే మొదలు.

నేను ఈ కౌతోకెయినోలోనే పుట్టాను.
అరవై మూడేళ్లలో ఒక్కసారీ తలెత్తి చూడలేదు ఆ వెలుగుని.
నవ్వుకోండి.
బెస్తవాడి ఇంట్లో ఈత రాని పిల్ల ఉండదా?
మా అమ్మ కిటికీకి దుప్పటి కట్టేది.
ఈల వేస్తే దిగొస్తుందట, జుట్టు పట్టి ఎత్తుకుపోతుందట.
బండి గంటల నోట్లో గుడ్డలు కుక్కేది.
అమ్మ పోయి ఎన్నాళ్లో అయింది. భయం మాత్రం
ఆవిడ కుట్టిన చేతి తొడుగుల్లా
నా సైజుకే సరిపోయి మిగిలింది.

ఇప్పుడతను బూట్లలో ఎండుగడ్డి పేరుస్తున్నాడు.
గుండ్రంగా చుట్టి, మడమ దగ్గర కొంచెం ఎక్కువగా,
పిట్ట గూడు అల్లినట్టు.
నాకు కనబడటం లేదు, వింటున్నాను:
గరగర, గరగర, ఆగి, మళ్లీ గర.
బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో, గుండెకి ఆనించి.
"చలికి ఇవే ముందు చస్తాయి, మనకన్నా."
ఫ్లాస్కులో కాఫీ, కాస్త ఉప్పేసి.
ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం, జున్ను ముక్క.
తలకి కట్టుకునే ఎర్ర లైటు ఒకే ఒక్కటి తీసి
"ఇది నీకు" అని నా ఒళ్లో పెట్టాడు.
ఆ మాట దగ్గర ఇద్దరం కాసేపు ఏమీ సర్దలేదు.

చూపున్న ఆఖరి చలికాలంలో ఒక రాత్రి
కిటికీ తట్టి పిలిచాడు, ఒక్కసారి రా, చూద్దువుగాని అని.
చేపలకి ఉప్పు పట్టిస్తున్నాను,
చేతులు బాగాలేవన్నాను.

నా వంతు సర్దడం నేనూ చేశాను.
శాలువాకి పెట్టుకునే వెండి పతకం, దాని మువ్వలతో సహా,
జేబురుమాల్లో మూడు చుట్లు చుట్టాను, గలగలమనకుండా.
అతనికి వినబడనే వినబడింది.
"మీ అమ్మ కోసమా?"
"చలికి," అన్నాను. "లోహం చలికి కరుస్తుంది."
అబద్ధం కాదు. నిజమూ కాదు.

చివర్న అసలు సంగతి.
"పచ్చ అని ఊరుకోకు అక్కడ," అన్నాడు.
"పచ్చ అంటే నాకు చాలదు. ఏ పచ్చో చెప్పు.
రాగి కెటిల్ మీద పట్టిన చిలుమా,
ఏటి రాయి మీది పాకుడా,
నీ మణికట్టు దగ్గరి నరమా.
కదిలితే ఎలా కదిలిందో చెప్పు,
దులిపిన దుప్పటిలానా, దారం తెగిన పూసల్లానా."
అందరూ అనే మాటలు మూటగట్టుకు రావద్దట.
ఇరవై రెండేళ్లు విన్నాడట ఆ అబ్బాలూ ఆహాలూ,
అన్ని భాషల్లోనూ ఒకటేనట.

సంచిలో ఇంక చోటు లేదు.
బయట యువ్‌నా స్నోమొబైల్ ఇంజను రేపుతూ
మైనస్ ముప్పై ఒకటి అని అరిచాడు, మబ్బు కూడా ఉందన్నాడు.
పోదామా మానేద్దామా అని ఎవరూ అడగలేదు.
గుమ్మంలో ఆస్లత్ నా టోపీ చెవుల మీదికి లాగి,
మళ్లీ ఒక చెవి మీంచి కొంచెం పైకెత్తాడు.
మా భాషలో ఆ వెలుగు పేరుకి
వినబడేది అని అర్థం చెబుతారు కొందరు.

నేను మెట్ల మీద నిలబడి
చిలుము, పాకుడు, నరం అని వల్లెవేసుకుంటున్నాను,
తల ఇంకా దించుకునే.